బొరిగుమ్మ జంక్షన్‌లో లారీ హోటల్ సాగుతుందా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. మీది పార్వతీపురం వైపు. విశాఖ హోటళ్లలో వంట మాస్టరుగా పని చేశారు. మీ ఆవిడ మేనమామగారికి ఒడిశా కోరాపుట్ జిల్లాలోని బొరిగుమ్మ జంక్షన్ దగ్గర రోడ్డు పక్కన కొంత స్థలం ఉంది, లారీలు బాగా తిరుగుతాయి కాబట్టి అక్కడ హోటల్ పెట్టుకోమంటున్నారు. అప్పూ సొప్పూ చేసి పదిహేను లక్షలతో, రాత్రీ పగలూ నడిచే లారీ హోటల్ కట్టాలని మీ ఆలోచన. సాగుతుందా, పిల్లలతో ఆ ఊళ్లో బతకగలమా అని అడిగారు.

హోటల్ పెట్టండి, సాగుతుంది. లారీలను నమ్ముకుని మాత్రం పెట్టకండి. ఊరి లోపల, సంతకీ బ్లాక్ ఆఫీసుకీ నడిచి వచ్చేంత దూరంలో, పొద్దున టిఫినూ మధ్యాహ్నం భోజనమూ దొరికే చిన్న హోటల్ చాలు. దానికి పదిహేను లక్షలు అక్కర్లేదు, అందులో మూడో వంతుతో మొదలుపెట్టొచ్చు. మిగిలింది కదపకండి. మొదటి వానాకాలం గట్టెక్కడానికి ఆ డబ్బే ఆసరా. స్థలం విషయంలో ఒక పెద్ద చిక్కు ఉండే అవకాశం ఉంది. దాని గురించి చివర్లో రాశాను. అది చదవకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

మా నాన్నగారు బొబ్బిలి దగ్గర పల్లె నుంచి ఇటు వచ్చి టీ కొట్టుతో మొదలుపెట్టారు. ఆయన తర్వాత హోటల్ నేను చూసుకుంటున్నాను. మా పిల్లలు ఇక్కడి ఒడియా బడిలోనే చదివారు. కాబట్టి కింద రాసిందంతా గల్లా పెట్టె దగ్గర కూర్చుని చూసిందే.

ముందు జంక్షన్ సంగతి. పక్క పట్టణం జయపూర్ నుంచి వచ్చే రోడ్డు ఇక్కడ రెండుగా చీలుతుంది. ఒకటి కోట్‌పాడ్ మీదుగా జగదల్‌పూర్ పోతుంది, రెండోది నవరంగపూర్ మీదుగా భవానీపట్న వైపు పోతుంది. పాత జాతీయ రహదారి నంబర్లలో ఇవి 43, 201. 2010లో నంబర్లు మార్చాక జగదల్‌పూర్ రోడ్డు 63 అయింది, నవరంగపూర్ రోడ్డూ జయపూర్ రోడ్డూ కలిసి 26 అయ్యాయి. పాత డ్రైవర్లు ఇప్పటికీ 43 అనే అంటారు. రాయ్‌పూర్ నుంచి విశాఖ పోర్టుకు దిగే సరుకు, నవరంగపూర్ జిల్లా మొక్కజొన్న, బియ్యం, సిమెంటు, ఇనుము, అన్నీ ఈ మలుపు తిరగాల్సిందే. ఒక సాయంత్రం మీరు వచ్చి నిలబడితే లారీల వరస చూసి కళ్లు చెదురుతాయి. మీ ఆవిడ మేనమామగారు చెప్పిన మాటలో అబద్ధం లేదు.

అయితే వెళ్లే లారీ వేరు, ఆగే లారీ వేరు. సాలూరు, విశాఖ వైపు దిగే డ్రైవరుకు ఇక్కడి నుంచి కాస్త దూరంలోనే జయపూర్ వస్తుంది. అక్కడ టైరు షాపులున్నాయి, మెకానిక్ షెడ్లున్నాయి, బండి పెట్టుకోవడానికి చోటుంది. జయపూర్ దాటితే కోరాపుట్ ఘాట్ ఎక్కాలి. లోడు బండితో ఘాట్ ఎక్కేముందు బ్రేకులూ టైర్లూ చూసుకుని, తిని, కాసేపు నడుం వాల్చి బయలుదేరతాడు. ఆ పని బొరిగుమ్మలో చేయడు. ఎదురు వచ్చే బండి ఆంధ్ర సరిహద్దు దగ్గరి సుంకి ఘాట్, కోరాపుట్ ఘాట్ రెండూ దాటి వచ్చి ఉంటుంది. దానికి ఇక్కడి నుంచి ముందున్నది చదును రోడ్డు, కాబట్టి చీకటి పడేలోపు ఇంకొంత దూరం లాగేద్దామని చూస్తాడు.

ఇంకో సంగతి మీకు తెలిసే ఉంటుంది. ఈ రోడ్డు మీద తిరిగే మన బళ్లలో చాలావరకు సాలూరు బళ్లే. సాలూరు డ్రైవర్లకు ఏ ఊళ్లో ఎక్కడ ఆగాలో, ఎవరి దగ్గర ఖాతా ఉందో ముందే ఖాయమై ఉంటుంది. ఓనరు చెప్పిన హోటల్లోనే తింటారు, నెలాఖరుకి ఓనరే లెక్క తీరుస్తాడు. కొత్త హోటల్ ఎంత బాగున్నా ఆ ఖాతాలు మారడానికి ఏళ్లు పడుతుంది. వాళ్లు మీ దగ్గరికి వచ్చినా అప్పు మీదే తింటారు. అప్పు వసూలు చేయాలంటే మీరు సాలూరు వెళ్లాలి.

పూర్వం లారీ హోటళ్లు ఎందుకు బతికాయో కూడా చెప్పాలి. అప్పట్లో చెక్ గేట్ల దగ్గర బళ్లు గంటల తరబడి నిలబడేవి. కాగితాల పని అయ్యేదాకా డ్రైవరుకి తినడం, పడుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు. 2017లో జీఎస్టీ వచ్చి ఆ గేట్లు పోయాయి. సుంకి దగ్గర ఆ వరసల మీద బతికిన కొట్లు ఎలా పలచబడ్డాయో ఆ రోడ్డున వెళ్లేవాళ్లంతా చూశారు. ఇప్పుడు సరిహద్దులో బళ్లు ఆగుతున్నాయంటే ఎక్కువగా డీజిల్ కోసమే. ఒడిశాలో డీజిల్ ఆంధ్ర కంటే తక్కువ, అందుకని కిందికి దిగేముందు ట్యాంకు నింపుకుంటారు. బంకు లోపల టీ దొరికితే అక్కడే తాగేసి కదులుతారు.

అన్నింటికంటే పెద్ద విషయం కొత్త రాయ్‌పూర్–విశాఖ రోడ్డు. 464 కిలోమీటర్లు, ఆరు లైన్లు. ఎక్కడపడితే అక్కడ ఎక్కడం, దిగడం ఉండదు. నిర్ణయించిన చోట ఎక్కాలి, నిర్ణయించిన చోట దిగాలి. నవరంగపూర్, కోరాపుట్ జిల్లాల మీదుగానే పోతుంది. అది పూర్తిగా తెరిచిన రోజున రాయ్‌పూర్–విశాఖ లోడు బండికి మన ఊరి మలుపుతో పని ఉండదు. మీరు అప్పు తీర్చడం మొదలుపెట్టే సరికి ఆ రోడ్డు వచ్చేస్తే? పదిహేను లక్షలు పెట్టి కట్టిన షెడ్డును తీసుకెళ్లి కొత్త రోడ్డు పక్కన పెట్టలేరు కదా. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. ఈ మధ్య మన వైపు నుంచి వచ్చిన కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు ఇదే ఆలోచనతో స్థలాలు చూస్తున్నారు.

ఒక ఉదాహరణ చెబుతాను. గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఒకాయన నవరంగపూర్ రోడ్డులో, ఊరు దాటాక, పెద్ద ధాబా పెట్టాడు. మంచాలు, నీళ్ల తొట్టి, స్నానానికి చోటు, లైట్లు, అన్నీ పద్ధతిగా చేశాడు. వంట కూడా బాగుండేది. మొక్కజొన్న, ధాన్యం కదిలే రోజుల్లో, అంటే దసరా దాటాక మాఘం దాకా, నిలబడటానికి చోటుండేది కాదు. ఎండాకాలంలో సగమయింది. జూలై, ఆగస్టులో వానలు పట్టుకుని ఘాట్‌లో ఎక్కడో మట్టి జారినా, బండి బోల్తా పడినా ఈ చివర రోడ్డు ఖాళీ. వంటవాళ్లకి జీతాలు ఇవ్వాలి, కోడికూర వండి పారబోయాలి. రెండో వానాకాలం తర్వాత సామాను అమ్మేసి వెళ్లిపోయాడు. మనిషిలో లోపం లేదు. ఎంచుకున్న చోటు ఏడాదిలో అయిదు నెలలే తిండి పెట్టే చోటు.

మరి ఊరి లోపల హోటల్‌కి ఏడాది పొడుగునా ఎవరొస్తారు? సంతకు వచ్చేవాళ్లు, బ్లాక్ ఆఫీసుకీ తహసీలు ఆఫీసుకీ పని మీద వచ్చేవాళ్లు, ఆసుపత్రికి వచ్చేవాళ్లు, బడి పంతుళ్లు, బ్యాంకు ఉద్యోగులు, బస్సు మారేవాళ్లు. కొత్త రోడ్డు వచ్చినా వీళ్లు ఎక్కడికీ పోరు. కోట్‌పాడ్ వైపు పల్లె నుంచి తహసీలుకి వచ్చినవాడికి ఆరు లైన్ల రోడ్డుతో ఏం సంబంధం?

సంత గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే మన వైపు నుంచి వచ్చినవాళ్లకి ఇది తొందరగా బోధపడదు. ఈ జిల్లాల్లో వారంలో ప్రతి రోజూ ఎక్కడో ఒకచోట సంత ఉంటుంది. చాటికొనలో బుధవారం, ఒనకడిల్లిలో లక్ష్మివారం, కుందులిలో శుక్రవారం, ఇలా. సంత వ్యాపారులు ఆ చుట్టు తిరుగుతుంటారు. మన ఊరి సంత రోజున పరజా, భత్ర, గదబ పల్లెల నుంచి తెల్లవారకముందే బయలుదేరి వస్తారు. కావిళ్లతో, నెత్తి మీద గంపలతో, ఇప్పుడు ఆటోల మీద కూడా.

మన అలవాటు ప్రకారం ఆరింటికే ఇడ్లీ దించేసి ఎదురుచూస్తే ఎవరూ రారు. వాళ్లు ముందు అమ్ముతారు, తర్వాత తింటారు. వంకాయల గంప దించిన ఆడమనిషి గంప ఖాళీ అయ్యేదాకా లేవదు. డబ్బు కొంగున ముడేసుకుని, పసిపిల్లని చంకనేసుకుని, పది దాటాక మీ గుమ్మం దగ్గరికి వస్తుంది. వెంటనే లోపలికి రాదు. బయట నిలబడి పెనం వైపు చూస్తుంది, పక్కవాడు ఎంత ఇచ్చాడో చూస్తుంది, ధర అడగడానికి మొహమాటపడుతుంది. ఆ కాస్త సేపట్లో మీరు ఎలా పిలిచారన్నదే మీ వ్యాపారం. "రండి మాఉసీ, కూర్చోండి" అని (మాఉసీ అంటే పిన్ని) బెంచీ చూపించండి, ధర ముందే చెప్పండి. అర ప్లేటు ఇవ్వండి. పిల్ల కోసం ఒక ఇడ్లీ విడిగా అడిగితే విడిగా ఇవ్వండి. గుగుని, అంటే బటాణీల కూర, రెండోసారి వేయమంటే డబ్బు అడక్కండి.

అందరికీ ఒకే బెంచీ, ఒకే ప్లేటు, ఒకే గ్లాసు. ఇది నా షరతు అనుకోండి. ఆదివాసీలని బయట మెట్ల మీద కూర్చోబెట్టి ఆకులో పెట్టి, ఆఫీసరు వస్తే లోపల స్టీలు ప్లేటులో పెట్టే హోటళ్లు ఈ ప్రాంతంలో ఉండేవి. మనవాళ్లవీ ఉండేవి, అది తలుచుకుంటే సిగ్గుగా ఉంటుంది. ఈ నేల వాళ్లది, మనం బతకడానికి వచ్చినవాళ్లం. మాట వరసకి కూడా వాళ్లని "నువ్వు" అని గదమాయించే సర్వరుని పెట్టుకోకండి. చిల్లర విషయంలో ఒక్క రూపాయి తేడా రానివ్వకండి. సంతలో ఒకరిని మోసం చేస్తే ఆ సాయంత్రానికి పల్లెలన్నీ మాట్లాడుకుంటాయి, మళ్లీ వారం మీ బెంచీలు ఖాళీగా ఉంటాయి. మర్యాదగా ఉంటే ఆ కుటుంబాలు తరాలు మారినా మీ దగ్గరికే వస్తాయి. మా నాన్నగారి దగ్గర టీ తాగినవాళ్ల మనవలు ఇప్పుడు మా దగ్గర దోసె తింటున్నారు.

ఇక వంట. మీరు మాస్టరు కాబట్టి మెనూ నేను చెప్పనక్కర్లేదు, తేడాలు మాత్రం చెబుతాను.

చట్నీ కంటే గుగుని ముఖ్యం. ఎండు బటాణీలు నానబెట్టి వండే ఆ కూర లేకపోతే ఇక్కడివాళ్లకి వడ వడలా అనిపించదు. వడని బరా అంటారు. బరా మీద గుగుని పోసి, పైన ఉల్లిపాయ ముక్కలు చల్లి ఇవ్వాలి. మరమరాలు కూడా ఉంచండి, వాటిని ముఢీ అంటారు. చాలామందికి పొద్దున ముఢీలో గుగుని కలుపుకు తింటే చాలు. అది మనకి తక్కువ ఖర్చు, వాళ్లకి కడుపు నిండా తిండి. కొబ్బరి చట్నీ ఇడ్లీ దోసెలకి చేయండి, కానీ కొబ్బరి కింది నుంచి రావాలి, ధర చూసుకోండి. ఎండాకాలంలో పఖాళ పెట్టే ఆలోచన చేయండి. చద్దన్నం కాబట్టి మనకి కొత్తేమీ కాదు. పక్కన వేయించిన కూర, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం వేడి అన్నం కంటే అది త్వరగా అయిపోతుంది.

పిండి దగ్గర మీకు మొదటి చలికాలం పరీక్షే. విశాఖలో రుబ్బి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి పొంగే పిండి, ఈ పీఠభూమిలో డిసెంబరు, జనవరి నెలల్లో రాయిలా అలాగే ఉంటుంది. సోడా ఉప్పు ఎక్కువగా వేసేవాళ్లున్నారు, దోసె ఎర్రగా వస్తుంది కానీ నాలుక మీద చేదు నిలుస్తుంది. మేం చేసేది ఇది. మినప్పప్పుతో పాటు గుప్పెడు మెంతులు నానేస్తాం. రుబ్బేటప్పుడు గోరువెచ్చటి నీళ్లు వాడతాం. మధ్యాహ్నం రెండింటికే రుబ్బేస్తాం, సాయంత్రం దాకా ఆగం. నిన్నటి పిండి ఒక గరిటెడు తోడులా కలుపుతాం. ఉప్పు రాత్రి వేయం, పొద్దున వేస్తాం. గిన్నెలని గోనెసంచి కప్పి, పొయ్యి ఆర్పాక వేడి మిగిలి ఉన్న గోడ వైపు పెడతాం. తెల్లవారుజామున మూత తీస్తే బుడగలు కనబడి పులిసిన వాసన రావాలి. రాకపోతే ఆ రోజు ఇడ్లీ ఆపేసి పూరీ, ఉప్మా పెట్టండి. గట్టి ఇడ్లీ ఒక్కరోజు పెట్టినా ఆ మాట చాలా దూరం పోతుంది.

మాంసం విషయంలో వారాలు గుర్తుంచుకోవాలి. ఒడియా ఇళ్లలో చాలామంది సోమవారం, లక్ష్మివారం నీచు ముట్టరు. ఆ రోజుల్లో కోడికూర సగానికి సగం తగ్గించి వండండి. కార్తీకం మొత్తం చాలామంది మానేస్తారు, చివరి అయిదు రోజులు, పంచుక, మరీ నిష్ఠగా ఉంటారు. కార్తీక పున్నమి మర్నాడు ఛాడఖాయి అని, నెలంతా మానేసినవాళ్లు ఒక్కసారిగా మాంసం కోసం వస్తారు. ఆ రోజుకి కోళ్లు, చేపలు ముందే మాట్లాడి పెట్టుకోకపోతే దొరకవు. దాని వెనకే మార్గశిర లక్ష్మివారాలు. మన వైపు కనకమహాలక్ష్మికి ఎలా చేస్తారో, ఇక్కడ మాణబసా గురుబారం పేరుతో ఇంటింటా గుమ్మాల్లో బియ్యప్పిండి ముగ్గులు వేసి చేస్తారు. మీ ఆవిడకి ఆ రోజుల్లో ఇది పరాయి ఊరనిపించదు.

విస్తళ్లకు అడ్డాకు ఇక్కడ సంతలోనే దొరుకుతుంది, ఆదివాసీ ఆడవాళ్లు కుట్టి కట్టలు కట్టి తెస్తారు. బేరమాడకుండా కొనండి. ప్లాస్టిక్ పూత కాగితం ప్లేట్లు వాడకండి.

పనివాళ్ల గురించి అందరూ ఆలస్యంగా తెలుసుకునే సంగతి ఒకటుంది. జనవరిలో పుష్ పరబ్‌కి, చైత్రంలో చైత్ పరబ్‌కి పల్లెల నుంచి వచ్చే పనివాళ్లు ఊరికి వెళ్తారు. ఒకటి రెండు రోజులు కాదు, పండగ అయ్యేదాకా రారు. జీతం పెంచినా రారు, రమ్మనడం కూడా తప్పు. మన సంక్రాంతికి మనం ఊరెళ్లమా? ఆ రోజుల్లో మీరూ మీ ఆవిడా కలిసి నడపగలిగేటంత చిన్నదిగా మెనూ కుదించుకోండి. చిన్న హోటల్ పెట్టమని చెప్పడానికి ఇదీ ఒక కారణం. ఇరవై మంది పనివాళ్ల మీద ఆధారపడ్డ లారీ హోటల్ ఆ వారాల్లో మూతపడాల్సిందే. బంద్, రాస్తారోకో రోజులూ ఉంటాయి. ముందు రోజు సాయంత్రమే ఊళ్లో మాట తెలుస్తుంది, పిండి తక్కువ రుబ్బుకోవాలి.

మందు అమ్మకండి. "కోడికూరతో పాటు రెండు సీసాలు ఉంచితే గల్లా నిండుతుంది" అని చెప్పేవాళ్లు మొదటి నెలలోనే తగులుతారు. హైవే పక్క మద్యం అమ్మకాల మీద సుప్రీంకోర్టు 2016లో పెట్టిన ఆంక్షల సంగతి అటుంచండి, మందు దొరికే హోటల్‌కి పంతులమ్మా రాదు, సంతకొచ్చిన ఆడవాళ్లూ రారు. మీ అసలు గిరాకీ వాళ్లే.

కుటుంబం గురించి అడిగారు కదా. భయం పెట్టుకోకండి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ కోరాపుట్ ప్రాంతం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది, జయపూర్ సంస్థానం కింద. తర్వాత 1992లో పాత జిల్లాని నాలుగు చేశారు. అందుకే జయపూర్, కోరాపుట్, రాయగడ, మన ఊరు, ఎక్కడ చూసినా కొట్లలో తెలుగు వినబడుతుంది. అలాగని తెలుగుతోనే గడిచిపోతుందనుకోకండి. సంత మాట్లాడేది దేశియా అనే ఇక్కడి పల్లెల భాష, ఆఫీసు మాట్లాడేది ఒడియా. ఏడాదిలో రెండూ పట్టుబడతాయి, మీ పిల్లలకి అంత సమయం కూడా పట్టదు. బడిలో చదువు ఒడియాలో ఉంటుంది. ఇంగ్లీషు మీడియం కోసం కొందరు జయపూర్ పంపుతారు. ఏది ఎంచుకున్నా ఇంట్లో తెలుగు చదవడం, రాయడం మీరే నేర్పాలి. ఇక్కడి మన పిల్లలు చాలామంది తెలుగు చక్కగా మాట్లాడతారు, బస్సు మీద బోర్డు చదవలేరు. అది నాకు బాధగా ఉంటుంది. రోజూ రాత్రి గల్లా కట్టేశాక అరగంట కూర్చోబెట్టండి.

వైద్యం విషయంలో చిన్నాచితకాకి ఊళ్లో ఆసుపత్రి ఉంది, తర్వాత జయపూర్. కోరాపుట్‌లో లక్ష్మణ్ నాయక్ పేరు మీద ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చాక పెద్ద జబ్బులన్నిటికీ విశాఖ పరుగెత్తే అవసరం తగ్గింది. అయినా చాలామంది రాత్రి బస్సెక్కి విశాఖ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి వెళ్తూనే ఉంటారు. ఆ బస్సుల కోసం ఎదురుచూసే రోగులకీ, తోడు వచ్చినవాళ్లకీ సాయంత్రం ఇడ్లీ, వేడి పాలు దొరికేలా చూడండి. అది సేవా అవుతుంది, వ్యాపారమూ అవుతుంది.

ఇప్పుడు స్థలం. ఇది రెండుసార్లు చదవండి.

కోరాపుట్ జిల్లా మొత్తం అయిదో షెడ్యూలు ప్రాంతం, అంటే రాజ్యాంగం ఆదివాసీలకి ప్రత్యేక రక్షణ ఇచ్చిన ప్రాంతం. ఇక్కడ ఆదివాసీ భూమి ఆదివాసీ కానివారికి బదిలీ చేయడాన్ని అడ్డుకునే నిబంధన 1956 నుంచి అమల్లో ఉంది. మొదట్లో అధికారి రాతపూర్వక అనుమతితో అమ్ముకోవచ్చనేవారు. 2002 సవరణతో ఆ దారి కూడా మూసేశారు. అమ్మకమే కాదు, లీజు కూడా బదిలీ కిందికే వస్తుంది. తెల్లకాగితం మీద రాసుకున్న ఒప్పందాలు, నోటి మాటలు చెల్లవు. ఎన్నేళ్లు హోటల్ నడిపినా కేసు పెడితే స్థలం అసలు కుటుంబానికి తిరిగి ఇప్పిస్తారు, కట్టిన షెడ్డు కూడా పోతుంది. ఇప్పించాలి కూడా. ఆ చట్టం లేకపోతే ఈ జంక్షన్ చుట్టూ ఒక్క సెంటు కూడా వాళ్లకి మిగిలేది కాదు.

మీ ఆవిడ మేనమామగారు మంచివారే అయి ఉండొచ్చు. ఆయనకి ఆ స్థలం ఎవరి దగ్గర నుంచి, ఏ సంవత్సరంలో, ఏ కాగితం మీద వచ్చిందో మాత్రం అడగాల్సిందే. పెద్దవారిని కాగితాలు అడగడం మనకి మొహమాటం. మీ ఆవిడ చేత అడిగించండి, లేదా బ్యాంకు లోను కోసం కావాలన్నారని చెప్పండి. లోను తీసుకుంటే బ్యాంకు నిజంగానే అడుగుతుంది.

చూడాల్సినవి ఇవి. పట్టా ఎవరి పేరున ఉంది. ఆ పేరు పక్కన జాతి ఏమని రాసి ఉంది. కిసం, అంటే భూమి రకం, గడిలో ఏముంది: ఘరబారి అని ఉంటే ఇంటి స్థలం. పొలం కిందికి వచ్చే కిసం ఉంటే తహసీలులో మార్పిడి చేయించుకున్నాకే కట్టడం మొదలుపెట్టాలి. ఒడిశా భూలేఖ్ వెబ్‌సైట్‌లో గ్రామం, ఖాతా నంబరు కొడితే పట్టా వివరాలు కనబడతాయి, ఒడియాలో ఉంటాయి. దానితో సరిపెట్టుకోకుండా ఆర్ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) ఆఫీసుకి వెళ్లి మ్యాపుతో సరిచూడండి. హైవే పక్క స్థలమైతే రోడ్డు హద్దు ఎక్కడిదాకా ఉందో అమీను, అంటే భూమి కొలిచే సర్వేయరు, చేత కొలిపించండి. జంక్షన్ దగ్గర రోడ్డు వెడల్పు చేసినప్పుడల్లా ముందు వరస కొట్లు పోతూనే ఉన్నాయి. ఆయన "నా స్థలం" అంటున్నదాంట్లో ముందు భాగం రోడ్డుదే కావచ్చు.

పట్టా సరిగా ఉంటే ఆ స్థలంలో ప్రస్తుతానికి ఏమీ కట్టకండి, అలా ఉండనివ్వండి. ఊరి లోపల అద్దె కొట్టు చూసుకోండి. దాని యజమాని కాగితాలు కూడా ఇదే పద్ధతిలో చూడాలి. కార్తీకం అయ్యాక, ఛాడఖాయి నాటికి తెరిచేటట్టు చూసుకుంటే ధాన్యం డబ్బు చేతిలో ఆడే నెలలు మీకు ముందుంటాయి, వానాకాలం వచ్చేసరికి నాలుగు ముఖాలు పరిచయమై ఉంటాయి. తెరిచేముందు ఒకసారి మీ ఆవిడతో కలిసి వచ్చి సంత రోజంతా ఊళ్లో ఉండి చూడండి. పట్టా నకలు తెచ్చుకోండి. ఒడియాలో ఉన్నది చదివి, ఏ గడిలో ఏం రాసి ఉందో నేను చెబుతాను.